గనుల టిప్పర్లకు గార్డులు, లైట్లు: గిరాకీ ఉన్నది, చిక్కూ ఉన్నది

(మా వాణిజ్య విలేఖరి)

విజయవాడ: లారీ ముందు భాగానికి బిగించే ఇనుప గార్డులు, అదనపు లైట్ల వ్యాపారం రెండుగా చీలిపోయింది. రోడ్డు మీద తిరిగే బండికి ఒక దారి, గనిలో తిరిగే బండికి వేరొక దారి. షాపులో రెండు రకాలూ ఒకే గోడకు వేలాడుతుంటాయి. పైపు ఒకటే, వెల్డింగు ఒకటే, పెయింటు ఒకటే. చట్టం దృష్టిలో మాత్రం మొదటిది తప్పు, రెండవది సరుకు. ఈ తేడా గమనించకపోతే తయారుచేసినవారు, అమ్మినవారు, మధ్యన కమీషన్ తీసుకున్నవారు అందరూ ఇబ్బంది పడవలసి వస్తుంది.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2017 డిసెంబరు 7న కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ అన్ని రాష్ట్రాలకూ ఒక లేఖ పంపింది. వాహనాలకు క్రాష్‌గార్డులు, బుల్‌బార్లు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్య తీసుకోవాలని అందులో స్పష్టం చేసింది. ఆ లేఖ వచ్చిన నాటికి కార్లు, జీపుల గార్డులను వందల లెక్కన కట్టించి పెట్టుకున్న వర్తకులు ఉన్నారు. ఆటోనగర్‌లో ఒక షాపు అటక మీద ఆనాటి సరుకు నేటికీ దుమ్ము పట్టి ఉండటం ఈ విలేఖరి చూశాడు. పాత ఇనుముకు తూకం వేస్తే కూలి కూడ రాదని యజమాని దానిని కదపలేదు. ఇప్పుడు ఆ షాపులో అమ్మకమంతా గనుల టిప్పర్ల సరుకే. ఒకసారి చేయి కాల్చుకున్నవాడు గనుక, బిల్లు మీద బండి నంబరు రాయనిదే సరుకు దించనివ్వడం లేదు.

గిరాకీ ఎక్కడిది?

ఈ సరుకుకు తెలుగు ప్రాంతాలలో గిరాకీ ఉన్న చోట్లు వర్తకులకు తెలిసినవే. మొదటిది బొగ్గు. తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి కాలరీస్‌కు రామగుండం, మణుగూరు, సత్తుపల్లి, భూపాలపల్లి ప్రాంతాలలో ఓపెన్‌కాస్ట్ గనులున్నవి. బొగ్గు మీద ఉన్న మట్టి, రాయి తీసే పనిలో చాలా భాగాన్ని ప్రైవేటు కాంట్రాక్టర్లు చేస్తున్నారు. తరువాత చీమకుర్తి, ఖమ్మం, కరీంనగర్ గ్రానైటు క్వారీలు, మంగంపేట బెరైటీస్ గనులు, తాడిపత్రి, జగ్గయ్యపేట ప్రాంతాల సిమెంటు కంపెనీల సున్నపురాయి గనులు, ఊరూరా ఉన్న కంకర మిల్లులు.

ఇందులోనూ రెండు తరగతుల బండ్లు ఉన్నవి. అరవై టన్నులు, వంద టన్నులు మోసే పెద్ద డంపర్లకు విడిభాగాలు టెండర్ల మీద, తయారీ కంపెనీల ద్వారానే పోతాయి. బజారు సరుకుకు అక్కడ చోటు తక్కువ. బజారుకు పని కల్పించేవి కాంట్రాక్టర్ల టిప్పర్లు. పది చక్రాలు, పన్నెండు చక్రాలు, పదహారు చక్రాల బండ్లు. ఇవి రోడ్డు బండ్ల కుటుంబానికి చెందినవే అయినా, మూడు షిఫ్టులలో గని దాటకుండా తిరుగుతాయి.

గనిలో బండి ముందు భాగానికి తగిలేవి రోడ్డు మీద తగిలేవి కావు. ముందు వెళ్ళే బండి నుంచి జారిపడిన బండరాయి, దారి అంచున పోసిన మట్టికట్ట, షావెల్ దగ్గర వరుసలో ఆగిన బండి తోక, ఇవే ముఖ్యమైనవి. వేగం తక్కువే గాని బరువు ఎక్కువ. ఒక రాయి తగిలితే హెడ్‌లైటు, రేడియేటరు, ఇంటర్‌కూలరు మూడూ పోతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ఇంజన్లు వచ్చిన తరువాత ముందు భాగంలో ఖరీదైన సామాను ఇంకా పెరిగింది. బండి షెడ్డులో పడితే ఆ రోజు ట్రిప్పులన్నీ పోయినట్లే. కాంట్రాక్టరు గార్డుకు డబ్బు పెట్టేది అందం కోసం కాదు, ట్రిప్పుల కోసం.

గిరాకీకి కాలం కూడ ఉన్నది. ఎండాకాలం దుమ్ము, శీతాకాలం తెల్లవారుజామున గోదావరి లోయలో కమ్మే మంచు, వానాకాలం బురద, ఒక్కొక్క కాలానికి ఒక్కొక్క సరుకు. ఆర్థిక సంవత్సరం చివర జనవరి నుంచి మార్చి వరకు గనులలో పని జోరుగా సాగుతుంది. ఆ రోజుల్లో బండి ఆపి గార్డు బిగించుకునే తీరిక ఎవరికీ ఉండదు. కనుక పెద్ద ఆర్డర్లు దానికి ముందు గాని, వానలకు పని మందగించినప్పుడు గాని వస్తాయి. నిల్వ పెట్టేవారు ఈ లెక్కన పెట్టుకోవాలి.

పైపు లెక్క

గార్డు అంటే చివరకు ఇనుము. ఇనుము అంటే తూకం. ఈ చిన్న సంగతి మరచి, పీసుకు ఇంత అని ధర కట్టడం వలన అటు కొన్నవారో, ఇటు అమ్మినవారో నష్టపోతున్నారు.

ఉదాహరణకు టిప్పరు గార్డు ఒకదానికి రెండంగుళాల పైపు 9 మీటర్లు పట్టిందనుకుందాము. ఈ పైపు బయటి వ్యాసం 60.3 మి.మీ. బి-క్లాస్ పైపు మందం 3.6 మి.మీ., మీటరు తూకం 5.03 కిలోలు. ఎ-క్లాస్ పైపు మందం 2.9 మి.మీ., మీటరు తూకం సుమారు 4.1 కిలోలు. ఛాసిస్‌కు బిగించే 10 మి.మీ. ప్లేట్లు రెండు, ఒక్కొక్కటి 300కు 400 మి.మీ. చొప్పున, కలిపి 19 కిలోలు. కింద రాయి తగలకుండా వేసే 5 మి.మీ. ప్లేటు 1,200కు 300 మి.మీ. అయితే 14 కిలోలు. బి-క్లాస్ పైపుతో మొత్తం సుమారు 78 కిలోలు. అదే గార్డు ఎ-క్లాస్ పైపుతో చేస్తే 70 కిలోలకు దిగుతుంది.

ఎనిమిది కిలోల తేడా కంటికి కనబడదు. పైపు మీద క్లాసును తెలిపే రంగు పట్టీ ఉంటుంది. ఎ-క్లాసుకు పసుపు, బి-క్లాసుకు నీలం, సి-క్లాసుకు ఎరుపు. గార్డుకు నల్ల పెయింటు పడిన తరువాత ఆ పట్టీ ఎక్కడిది? అందుచేత గార్డు దించుకునేటప్పుడు కాటా మీద పెట్టించడం ఒక్కటే మార్గం. పది గార్డులలో రెండు తూచినా చాలును. కొలతకు ఒక సూత్రం కూడ వర్తకులు గుర్తుంచుకోవచ్చు: మి.మీ.లలో బయటి వ్యాసం నుంచి మందం తీసివేసి, దానిని మందంతోను, 0.02466తోను హెచ్చిస్తే మీటరు తూకం కిలోలలో వస్తుంది. ప్లేటుకైతే చదరపు మీటరుకు ప్రతి మి.మీ. మందానికీ 7.85 కిలోలు.

మరొక సంగతి. బజారులో సులువుగా దొరికేది ఐ.ఎస్. 1239 పైపు. ఇది మంచినీళ్ళు, ఆవిరి వంటివి పోవడానికి ఉద్దేశించినది. కట్టడాలకు, ఫ్రేములకు ఉద్దేశించినది ఐ.ఎస్. 1161 పైపు. గార్డుకు రెండవదే తగినది. ధర కోట్ చేసేటప్పుడు ఏ పైపో, ఏ మందమో రాసి ఇచ్చేవారికి తరువాత వాదులాట తప్పుతుంది.

ఇనుము ధర కిలోకు 3 రూపాయలు మారితే ఒక గార్డు మీద రు. 234 తేడా. వంద గార్డుల ఆర్డరుకు రు. 23,400. నెల రోజుల గడువు మీద స్థిర ధరకు ఒప్పుకున్న వెల్డింగు షాపువారి కూలిలో ఇది పెద్ద భాగమే. పైపు ధర హెచ్.ఆర్. కాయిల్ ధర వెంట నడుస్తుంది. 2025 ఏప్రిల్ 21న ఫ్లాట్ ఉక్కు దిగుమతుల మీద కేంద్రం 200 రోజులకు 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసివచ్చింది. ఢిల్లీలో సంతకం పడితే ఆటోనగర్‌లో కొటేషన్ చింపివేయవలసి వచ్చింది. ఆర్డరు తీసుకున్న రోజునే పైపు కొని పెట్టుకోవడం, లేదా ధర మారితే తేడా చెల్లించాలని ఆర్డరు మీద రాయించుకోవడం, రెండే దారులు.

బిగింపులో ఉన్నది బలం

గార్డు ఎంత గట్టిదైతే అంత మంచిదని కొనేవారిలో చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. వంగని గార్డు తనకు తగిలిన దెబ్బను తాను మింగదు, వెనుక ఉన్న ఛాసిస్‌కు అందిస్తుంది. గార్డు వంగితే వెల్డింగు కూలితో సరి. ఛాసిస్ లాంగ్‌మెంబరు వంగితే బండి పని అయిపోయినట్లే. అందుచేత తెలిసిన పనివారు ముందు వంగేది గార్డే అయ్యేటట్లు ప్లేట్లు కొలత చూసి వేస్తారు.

ఛాసిస్‌కు వెల్డింగు పెట్టడాన్ని లారీ కంపెనీలు అంగీకరించవు. ముందే ఉన్న రంధ్రాలలో 8.8 గ్రేడు బోల్టులతో బిగించాలి. క్యాబిన్ పైకి ఎత్తినప్పుడు గార్డు అడ్డు రాకూడదు. లాగే కొక్కెం అందాలి. రేడియేటరుకు గాలి ఆగకూడదు. గాలికి అడ్డంగా నిండు ప్లేటు వేసిన గార్డుతో ఎండాకాలంలో ఇంజను వేడెక్కితే ఆ నింద లారీ కంపెనీ మీదికి పోదు, గార్డు అమ్మినవారి మీదికే వస్తుంది. ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో గార్డు దెబ్బ తాకే తీరును మార్చి, సెన్సార్లు సమయానికి పనిచేయకుండా చేసే ప్రమాదమున్నది.

ఇతర దేశాల అనుభవమూ ఇదే. కంగారూలు బండికి అడ్డంపడే ఆస్ట్రేలియాలో ఈ గార్డులు పెద్ద పరిశ్రమ. అయినా అక్కడ 2002లో వీటికి ప్రమాణాలు ఏర్పరచారు. యూరపులో 2005లో వచ్చిన ఆదేశం పాదచారికి తగిలితే ఎంత దెబ్బ అన్న పరీక్ష పెట్టింది. మనిషికి తగిలినప్పుడు పైపు గార్డు బంపరులా సొట్ట పడదు, ఎముక విరుగుతుంది. నిషేధానికి మూలమైన ఈ సంగతిని సరుకు అమ్మేవారు మరువరాదు.

లైట్ల లెక్క

ఎల్.ఇ.డి. లైట్లు వచ్చిన తరువాత ఈ బజారులో మోసానికి తావు పెరిగింది. గార్డును కాటా మీద పెట్టవచ్చు. వెలుగును ఏ కాటా మీద పెట్టాలి?

దీనికీ ఒక కాటా ఉన్నది. అది ఆమ్మీటరు. పెట్టె మీద 180 వాట్లు అని వేసిన లైటు 24 వోల్టుల మీద ఏడున్నర ఆంపియర్లు లాగాలి. రెండు ఆంపియర్లే లాగితే అది 48 వాట్ల లైటే, 180 అన్నది అచ్చు మాత్రమే. అచ్చులో వేసే లూమెన్లు కూడ తరచు లోపలి చిప్పుల లెక్కే గాని అద్దం దాటి బయటకు వచ్చే వెలుగు లెక్క కాదు. పైగా వేడెక్కిన కొద్దీ వెలుగు తగ్గుతుంది. వెనుక అల్యూమినియం రెక్కలు పలుచగా ఉన్న లైటు షాపులో దేదీప్యమానంగా వెలిగి, గనిలో గంటకల్లా మందగిస్తుంది. కనుక అర గంట వెలిగించి చూసి మరీ కొనాలి. లైటు తూకం కూడ నాణ్యానికి ఒక గుర్తే.

దూరం లెక్క మరొకటి. దూరం రెట్టింపు అయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పది మీటర్ల దగ్గర 400 లక్సులు ఇచ్చే లైటు ఇరవై మీటర్ల దగ్గర 100, నలభై మీటర్ల దగ్గర 25 లక్సులే ఇస్తుంది. దూరం చూపేందుకు స్పాట్, దగ్గర వెడల్పుగా చూపేందుకు ఫ్లడ్. గనిలో మట్టి పోయడానికి బండి వెనక్కు నడుస్తుంది గనుక వెనుక, పక్కల ఫ్లడ్ లైట్లకే ఎక్కువ పని. క్యాబిన్ పైన డ్రైవరు కంటికి దగ్గరగా పెట్టిన తెల్లని లైటు దుమ్ములోనూ మంచులోనూ తిరిగి అతని కంట్లోనే పడుతుంది. ఫాగ్ లైటు ఎంత కిందికి ఉంటే అంత మంచిది.

రక్షణ అంకెలలో ఐ.పి. 67 అంటే దుమ్ము చొరదు, మీటరు లోతు నీటిలో అర గంట ఉన్నా నీరు పోదు. ఐ.పి. 69-కె అంటే వేడినీటి ప్రెషరు కడుగుడుకు కూడ తట్టుకుంటుంది. రోజూ ప్రెషరు పంపుతో కడిగే గనుల బండ్లకు రెండవదే నిలుస్తుంది. వైరింగులో రిలే, ఫ్యూజు లేకుండా స్విచ్చికి నేరుగా కలిపిన లైట్ల వలన బండి తగలబడితే, కంపెనీకి తెలియజేయని మార్పు అని బీమా క్లెయిము చిక్కులో పడగలదు. లైటుతో పాటు రిలే కిట్టు కూడ అమ్మడం వర్తకునికి లాభమూ, రక్షణా.

చట్టం ఏమంటున్నది?

రిజిస్ట్రేషన్ ఉన్న బండి రోడ్డెక్కితే దాని లెక్క వేరు. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చరాదని 52వ సెక్షన్ చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే సమర్థించింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ చట్టంలో చేర్చిన 182-ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పు ఒక్కింటికి రు. 5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వాహనాల డీలరు అటువంటి బండిని అమ్మినా, మార్చినా ఏడాది వరకు జైలు, లేదా బండికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ.

లైట్లకు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలున్నవి. ముందు లైటు వెలుగు 8 మీటర్ల దూరంలో, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకూడదని 106వ నిబంధన. స్పాట్ లైటు, సెర్చి లైటు ముందు భాగంలో బిగించరాదని, అసాధారణ పరిస్థితులలో రిజిస్టరింగ్ అధికారి అనుమతిపైనే వీలని 111వ నిబంధన.

గని లోపలి బండ్ల సంగతికి వస్తే, ఫ్యాక్టరీలో గాని మూసి ఉన్న ఆవరణలో గాని వాడకానికే తయారైన ప్రత్యేక వాహనాలు చట్టంలోని 'మోటారు వాహనం' నిర్వచనంలోకి రావు. వాటి భద్రత ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ పరిధిలోనిది. అయితే గనిలో తిరిగినంత మాత్రాన ప్రతి బండీ అటువంటిదే అనుకోరాదు. డంపర్లు పన్ను పరిధిలోకి వచ్చే మోటారు వాహనాలా కాదా అన్న వాదన 1974లో బొలానీ ఓర్స్ కేసులోను, 1992లో సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ కేసులోను సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. వర్తకుడు ఈ వాదనలో దిగనవసరం లేదు. బండికి ఆర్.సి. ఉన్నదా, అది గని గేటు దాటి సైడింగుకో, క్రషరుకో రోడ్డు మీదుగా పోతుందా అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. అవునంటే గార్డు, స్పాట్ లైటు అమ్మకపోవడమే క్షేమం.

పన్ను, అరువు

2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి.లో ఆటో విడిభాగాలన్నింటికీ 18 శాతం రేటు వచ్చింది. బంపర్లు చేరే 8708 శీర్షిక కింద అంతకు ముందు 28 శాతం ఉండేది. నూరు రూపాయల సరుకు 128 నుంచి 118కి దిగింది. ముడి ఇనుముకూ తయారైన సరుకుకూ రేటు ఒకటే కావడంతో, సరుకు మీద అదనంగా కట్టవలసిన రొక్కం తగ్గి వెల్డింగు షాపులకు కొంత ఊపిరి అందింది.

అసలు బాధ అరువులో ఉన్నది. పైపు డీలరు రొక్కం అడుగుతాడు. కాంట్రాక్టరు తనకు గని బిల్లు వచ్చాక ఇస్తానంటాడు. ఈ రెండింటి మధ్య వెల్డింగు షాపు నలుగుతుంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజులలోపు, లేకపోతే 15 రోజులలో చెల్లించాలి. గడువు దాటిన బాకీని ఆ సంవత్సరపు ఖర్చుగా చూపుకోవడానికి వీలులేకుండా 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్ను నిబంధన తెచ్చింది. మార్చి నెలలో కాంట్రాక్టర్ల అకౌంటెంట్లు పాత బాకీలు వెదకడం దీని చలవే. కాని కొని అమ్మే వర్తకులకు ఈ రక్షణ వర్తించదు. గార్డు తయారుచేసి అమ్మేవారికి ఉన్న హక్కు, లైట్లు తెప్పించి అమ్మేవారికి లేదు. కనుక లైట్లకు రొక్కం, గార్డులకు గడువు అనే పద్ధతి మేలు.

మొత్తం మీద ఈ సరుకు నిల్వ పెట్టుకునేవారు బిల్లు మీద నాలుగు సంగతులు తప్పక రాయించాలి: బండి నంబరు లేదా ఛాసిస్ నంబరు, వాడే గని పేరు, పైపు క్లాసు లేదా లైటు అసలు వాట్లు, గార్డు తూకం. కాగితానికి అర నిమిషం పడుతుంది. 2017లో ఆ అర నిమిషం అక్కరలేదనుకున్నవారి సరుకు ఇంకా అటకల మీదనే ఉన్నది.